బొమ్మలో లేని మోటార్లు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఆ వానాకాలంలో, నేను భీమవరంలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ప్రొఫెసర్‌గా, సిమ్యులేషన్ ల్యాబు ఇన్‌చార్జిగా ఉన్నాను. సిమ్యులేషన్ అంటే సర్క్యూట్‌ను కంప్యూటర్ తెర మీద గీసి, కరెంటు కూడా అక్కడే ఇచ్చి, ఎలా పనిచేస్తుందో చూడటం. వైరు అతికించే పని లేదు, చెయ్యి కాలదు. ఆ సుఖానికి నేను బాగా అలవాటుపడ్డాను.

మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువు చేసే సుబ్బరాజు గారు ఒకరోజు ల్యాబుకు వచ్చారు. నీటికి గాలి అందించే ఏరియేటర్ల మోటార్లకు మూడు ఫేజుల కరెంటు కావాలి. ఒక ఫేజు పోతే అవి మూలుగుతూ కాసేపు తిరిగి కాలిపోతాయి. నీటిలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు చచ్చిపోతాయి. కిందటేడు ఆయన పంటంతా అలాగే పోయింది. ఫేజు పోగానే మోగే అలారం చేసిపెట్టమన్నారు.

మూడు ఫేజుల వోల్టేజీని కనిపెట్టి ఉండే సర్క్యూట్ గీశాను. పని తొందరగా తేలుతుందని మోటార్ల బదులు, కరెంటుకు అడ్డుపడటం తప్ప ఇంకేమీ చెయ్యని రెసిస్టర్లు పెట్టాను. తెర మీద ఏ ఫేజు తీసినా గంట మోగింది. కంప్యూటర్లో పరీక్షించానని, ఇక నిశ్చింతగా ఉండమని ఆయనకు గొప్పగా చెప్పి, స్టార్టర్ బోర్డులో బిగించి వచ్చాను.

రొయ్యల పట్టుబడికి వారం ఉందనగా ముసురు పట్టింది. ఎండ లేని రోజు చెరువులో ఆక్సిజన్ అసలే తక్కువ. మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫేజు పోయింది. నా అలారం కిక్కురుమనలేదు. గట్టు మీద మేత తూస్తున్న సుబ్బరాజు గారి భార్య వరలక్ష్మి గారు మోటార్ల మూలుగు విని పరుగెత్తి, వాటిని ఆపి జనరేటర్ వేయించారు. రొయ్యలు దక్కాయి. ఆవిడ అక్కడ లేకపోతే ఈ పంట నా చేతుల మీదుగా పోయేది.

కబురందుకుని వెళ్లాను. "మూలుగు వింటే మాకు తెలిసిపోద్దండి. మీ గంటకి తెలీలేదేంటండి? అసలు మీ కంప్యూటర్లో మోటార్లు పెట్టారాండి?" అని ఆవిడ అడిగారు. లేవని చెప్పడానికి సిగ్గేసింది.

మర్నాడు లైను బాగయ్యాక, మోటార్లు తిరుగుతుండగా ఒక ఫ్యూజు తీయించి మీటరు పెట్టాను. పోయిన ఫేజులోనూ వోల్టేజీ దాదాపు పూర్తిగా ఉంది. తిరుగుతున్న మోటార్లే దాన్ని పుట్టిస్తున్నాయి. ల్యాబుకు వచ్చి సర్క్యూట్ బొమ్మలో మోటార్లు పెట్టి ఒక ఫేజు తీస్తే, తెర మీద కూడా గంట మోగలేదు. వోల్టేజీ బదులు ఒక్కో తీగలో పారే కరెంటును కొలిచేలా మార్చాక తెర మీదా, చెరువు దగ్గరా గంట మోగింది.

సాఫ్ట్‌వేర్ తప్పు చెప్పలేదు. మనం గీసిన దాని గురించే అది జవాబిస్తుంది. అప్పటినుంచి మా విద్యార్థులు ల్యాబు రికార్డు మొదటి పేజీలో, బొమ్మలో వెయ్యకుండా వదిలేసినవన్నీ రాయాలని నియమం పెట్టాను. ల్యాబు గోడకు అంటించిన నమూనా పేజీ నాదే. అందులో ఒకటే మాట ఉండేది: మోటార్లు.