ఎవరిదీ కాని విగ్రహం

ఆ రోజుల్లో అంటే ఏ తాతల కాలమో అనుకునేరు, పట్టుమని పదేళ్ళు కూడా కాలేదు. కానీ మొదటి ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు ‘ఆ రోజుల్లో’ అనకుండా మొదలుపెట్టడం నాకు చేతకాదు. అప్పట్లో నాకు తల నిండా జుట్టు, మనసు నిండా అభిప్రాయాలు ఉండేవి. (ఇప్పుడు రెండూ పలచబడ్డాయి.) చరిత్రలో ఎమ్మే చేసి రేపల్లెలో ఖాళీగా కూర్చున్నవాణ్ణి, తెనాలిలో కొత్తగా పెట్టిన పట్టణ కళా సంఘంలో సమన్వయకర్తగా ఏడాది కాంట్రాక్టు మీద చేరాను. సమన్వయకర్త అంటే ఏంటిరా అని మా అమ్మ అడిగింది. అందరినీ కలిపేవాడు అన్నాను. ‘ఇంట్లో మీ నాన్నతో రెండు మాటలు కలపవు, ఊరినేం కలుపుతావు’ అంది అమ్మ. ఆవిడకు ముందుచూపు ఎక్కువ.

సంఘంలో ముగ్గురే సభ్యులు. అధ్యక్షులు రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ఏ కాగితం మీద సంతకం పెట్టినా పక్కన చిన్న గులాబీ మొగ్గ వేసేవారు. రెండో ఆవిడ బాపట్ల నుంచి రైల్లో వచ్చే లెక్చరర్ మేడమ్. ‘జనాన్ని అడగకుండా ఊళ్ళో రాయి కూడా కదపకూడదండి’ అన్నది ఆవిడ సిద్ధాంతం. మూడో ఆయన పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన బాబాయి గారు. ఏ విషయం చర్చకు వచ్చినా చివరికి ‘ఆ సాయంత్రం నాలుగు పద్యాలు పెట్టిద్దాం’ అని తేల్చేవారు. ఊరికి ఒక కళాఖండం ఎలా వస్తుందన్నది అంతకుముందు నాకు తెలియదు. ఎవరో ఒక కళాకారుడు కల కంటాడు, ఎవరో దండ వేస్తారు, అంతే అనుకునేవాణ్ణి. తీరా చూస్తే చోటు ఎంచడం, జనాన్ని అడగడం, నమూనాలు పిలవడం, వాటిలో ఒకటి తేల్చడం, ఆవిష్కరణ రోజు ఏ కార్యక్రమం పెట్టాలో తేల్చలేక మూడు సమావేశాలు కొట్టుకోవడం, ఇంత తతంగం ఉంది. నాకు అదంతా మహా వింతగా ఉండేది. సమావేశాల్లో నోరు తెరుచుకుని వినేవాణ్ణి. (రేపల్లెలో తెల్లవారుజామున లేచి మొదటి బండి పట్టుకునేవాణ్ణి కాబట్టి, ఆ తెరిచిన నోరు ఒక్కోసారి నిద్ర వల్ల అయ్యుండేది. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కునుకు పట్టేది. ఆ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు.)

చోటు స్టేషన్‌కు దగ్గర్లోని ఒక కూడలి అని తేలింది. మేడమ్ సిద్ధాంతం ప్రకారం నేను నోటు పుస్తకం పట్టుకుని ‘ఇక్కడ ఏముంటే బాగుంటుందండి’ అని వారం రోజులు దారిన పోయేవాళ్ళను ఆపాను. కళ గురించి గొప్ప సమాధానాలు వస్తాయని ఆశ. ఒకాయన నీళ్ళ కుళాయి అన్నాడు. ఒకావిడ నీడ అంది. ఒక పెద్దమనిషి ‘ఇంకో విగ్రహం మాత్రం వద్దు బాబూ, ఉన్నవాటికే కాకులు చాలట్లేదు’ అన్నాడు. ఎక్కువమంది అడిగింది మాత్రం కాసేపు కూర్చోవడానికి చోటు. సంగం జాగర్లమూడి నుంచి వచ్చి ఆ మూలన టీ కొట్టు నడిపే పిన్ని అయితే నా చేతిలోంచి పెన్ను లాక్కుని ‘బల్ల’ అని తానే రాసేసింది. దాంతో ‘జనం కూర్చోగలిగే కళాఖండం’ కావాలని ప్రకటన ఇచ్చాం.

వచ్చిన నమూనాల్లో అందరికీ నచ్చింది ఒక అక్కది. తెనాలిలో విగ్రహాలు చేసే కుటుంబం వాళ్ళది. చెయ్యెత్తిన నాయకుడు, వేలు చూపిన నాయకుడు, నమస్కారం పెట్టిన నాయకుడు, ఏది కావాలంటే అది ఆవిడ షెడ్డులో తయారయ్యేది. నమూనా మాత్రం అరచేతిలో పట్టే మట్టి బొమ్మ. పొడుగాటి బల్ల, దాని ఒక చివర రైలు కోసం ఎదురుచూస్తున్న మనిషి. మిగతా బల్లంతా ఖాళీ. ముఖం ఉండాల్సిన చోట బొటనవేలి నొక్కు తప్ప ఏమీ లేదు.

‘పదిహేనేళ్ళ నుంచి ఫొటో ఇచ్చి ఇలా చెయ్యమంటే అలా చేస్తున్నాను తమ్ముడూ. మీసం ఇంకాస్త పెంచమంటే పెంచాను, పొట్ట తగ్గించమంటే తగ్గించాను. నా కంటితో చూసి, నాకు చెయ్యాలనిపించి చేసిన మనిషి ఒక్కడూ లేడు. ఇదొక్కటి నిలబడితే చాలు’ అంది అక్క. ఒకే షరతు పెట్టింది, ఆవిష్కరణ అయ్యేదాకా ఎవరూ తొంగి చూడకూడదని. పని ఎంతవరకు వచ్చిందో కనుక్కునే వంకతో నేను రోజూ ఆ షెడ్డుకు వెళ్ళేవాణ్ణి. ‘ఐదు నిమిషాలు కూర్చో తమ్ముడూ, వస్తున్నా’ అనేది గోనెపట్టా అవతలి నుంచి. ఫ్యాను కింద కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఆ ఐదు నిమిషాలూ ఎప్పుడూ ఒక గంటయ్యేవి. ఇంత సమయం ఎలా గడిచిపోయిందా అని ఆశ్చర్యపోతూ లేచి వచ్చేవాణ్ణి.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. ఆవిష్కరణకు ఇంకా మూడు వారాలు ఉండగానే, పూర్తయిన విగ్రహాన్ని బల్లతో సహా తెచ్చి కూడలిలో బిగించేద్దామని, ముసుగు వేసి ఉంచితే జనంలో కుతూహలం పెరుగుతుందని నాకు ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. మాస్టారు గులాబీ మొగ్గ వేసి ఒప్పుకున్నారు. మేడమ్ ఆ వారం పరీక్షల పనిలో ఉండి రాలేదు. విగ్రహం పాత చీరల్లో చుట్టుకుని ట్రాక్టరు మీద వచ్చింది. పైన కప్పడానికి మంచి గుడ్డ కావాలి. పసుపు రంగు గుడ్డ తెస్తే దుకాణంలోనే ఒకాయన నా వైపు అదోలా చూశాడు. నీలం ఒకళ్ళది, ఎరుపు ఇంకొకళ్ళది, కాషాయం మరొకళ్ళది, ఆకుపచ్చ సరేసరి. తెలుపు కప్పుదామంటే ‘శవం మీద కప్పినట్టు ఉంటుందయ్యా’ అంది టీ పిన్ని. దేవుడు ఇచ్చిన రంగులన్నీ ముందే పంచేసుకున్నారని ఆ రోజు నాకు తెలిసింది. చివరికి హార్మోనియం బాబాయి గారు తన నాటక సమాజం అటక మీది పాత తెర ఇచ్చారు. దాని మీద రాజుగారి ఉద్యానవనం, రెండు నెమళ్ళు ఉన్నాయి. నెమళ్ళకు ఇంకా ఏ పార్టీ లేదు.

మన ప్రాంతంలో పుట్టి పెరిగి కూడా నేను మరిచిపోయిన సంగతి ఒకటుంది. మన దగ్గర కూడలిలో గట్టు కట్టి, దాని మీద ఏదైనా పెట్టి, ముసుగు వేశారంటే లోపల నాయకుడు ఉన్నాడనే అర్థం. అనుమానానికి చోటే లేదు. మూడో రోజు పొద్దున చూస్తే నెమళ్ళ మీద బంతిపూల దండ వేసి ఉంది. సాయంత్రానికి ఇంకో దండ, దానికంటే బారెడు పొడుగ్గా. ఎవరు వేశారో ఎవరూ చూడలేదు. ‘కూర్చుని ఉన్నాడంటే మనవాడే, ఆయనే కూర్చుని మాట్లాడేవాడు’ అని ఒక వాట్సాప్ గ్రూపులో తేల్చారట. ‘ఎత్తు చూస్తే తెలియట్లేదా, మావాడే’ అని ఇంకో గ్రూపులో. పెనుమూడి నుంచి పనిమీద వచ్చిన ఒకాయన టీ తాగి, తెర చుట్టూ రెండుసార్లు తిరిగి, చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఎవరికి పెట్టాడో ఆయనకూ తెలియదు. నాకు భయం వెయ్యాల్సింది పోయి సరదా వేసింది. అనుకున్నదాని కంటే కుతూహలం బ్రహ్మాండంగా పెరిగిందని సమావేశంలో నివేదిక కూడా చదివాను. మేడమ్ కళ్ళజోడు తీసి నా వైపు చూసి, మళ్ళీ పెట్టుకున్నారు.

రెండో వారానికి సరదా తీరిపోయింది. దుగ్గిరాల పసుపు యార్డులో వ్యాపారం చేసే ఒక పెద్దాయన పదిమందిని వెంటబెట్టుకుని, మా సంఘాన్ని పెట్టిన మునిసిపాలిటీ పెద్ద సారు దగ్గరికి వెళ్ళారు. ఆ కూడలిలో తమ నాయకుడి విగ్రహం పెట్టమని ఎప్పటినుంచో అడుగుతున్నామని, ఇప్పుడు గుట్టుగా అవతలివాళ్ళది పెడితే ఊరుకోమని చెప్పారు. ఆ మర్నాడే ఒక లాయరు గారు ఇంకో పదిమందితో వచ్చి, పేరు ఒక్కటి మార్చి, అదే మాట చెప్పారు. పెద్ద సారు నన్ను పిలిచారు.

‘లోపల ఉన్నది ఎవరయ్యా?’

‘ఎవరూ కాదండి. రైలు కోసం చూసే మనిషండి.’

‘ఏ మనిషి?’

‘ఏ మనిషీ కాదండి.’

‘అయితే ఈ విగ్రహం ఏ వ్యక్తిదీ కాదని రాసి సంతకం పెట్టు. రేపు తెర తీశాక ఫలానా మనిషి పోలిక ఉందని ఎవరైనా నిరూపిస్తే, మర్నాడే తీయించేస్తాను. ఆ స్థలం ఎవరికీ ఇవ్వను, మీ సంఘం కూడా ఉండదు’ అన్నారు.

రాసిచ్చాను. రాసిచ్చి తిన్నగా షెడ్డుకు పరుగెత్తాను. ‘అక్కా, ఆ ముఖం ఎవరిదీ కాదు కదా?’ అని అడిగాను. అక్క చేతికి అంటిన సిమెంటు కడుక్కుంది. ‘రైలు కోసం చూసే మనిషి తమ్ముడూ, అంతే. నిజం చెప్తున్నా, వాడు ఏ నాయకుడూ కాదు’ అంది. నా ప్రాణం కుదుటపడింది. ఆవిడ ముఖంలో మాత్రం రంగు లేదు. నేను నా భయంలో ఉండి అది పట్టించుకోలేదు.

ఆవిష్కరణ సాయంత్రం కూడలి కిక్కిరిసింది. పిల్లలు వేసిన బొమ్మలు తాళ్ళకు కట్టాం. బాబాయి గారు అనుకున్నట్టే హార్మోనియం తెచ్చుకున్నారు. పసుపు పెద్దాయన మనుషులు ఒక పక్క, లాయరు గారి మనుషులు ఒక పక్క. తెర తీసేది పెద్దమనుషులెవరూ కాకూడదని, ఆ చోట రోజూ ఉండే మనిషే తీయాలని మేడమ్ పట్టుబట్టడంతో టీ పిన్ని చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని ముందుకొచ్చి తాడు లాగింది. నెమళ్ళు జారిపోయాయి. లోపలి పాత చీరలను అక్క తన చేత్తో తీసింది.

బల్ల చివర ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. మెడ ఎడమ పక్కకు వాలిపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. గుండెకు ఒక ఫైలు అదుముకున్నాడు, దాని తాడు ఊడి వేలాడుతోంది. ఒక కాలి చెప్పు జారిపోయి పక్కన పడి ఉంది. వాడు రైలు కోసం ఎదురుచూడటం లేదు. ప్రశాంతంగా నిద్రపోతున్నాడు.

నాకు వెంటనే తట్టలేదు, ఎవరి ముఖం వాళ్ళకు పక్కవాటంగా అంత అలవాటు ఉండదు కదా. పిన్ని వాడి వైపు చూసింది, నా వైపు చూసింది.

‘ఏంటయ్యా, ఇది నువ్వు కాదూ?’ అంది.

ముందు ఒకళ్ళు నవ్వారు, తర్వాత పిల్లలు, తర్వాత అందరూ. లాయరు గారు మాత్రం నవ్వలేదు. ‘ఏ వ్యక్తిదీ కాదని రాసిచ్చావు కదయ్యా’ అన్నారు. పెద్ద సారు జేబులోంచి నా కాగితం తీశారు. నన్ను చూసి నవ్వితే నవ్వారు, పోనీలే అనుకోవచ్చు, కానీ రేపు పొద్దున తీసేసేది అక్క పదిహేనేళ్ళ కోరికను. ఆ మాట చెప్పాలని నోరు తెరిచాను. అలా నోరు తెరుచుకుని నిలబడేసరికి పోలిక ఇంకా బాగా కుదిరి జనం మళ్ళీ నవ్వారు.

అక్కే ముందుకొచ్చింది. ‘అబ్బాయికి తెలియదండి. నేనే చెప్పలేదు. రోజూ వచ్చి మా షెడ్డులో కూర్చుని నిద్రపోయేవాడు. నిద్రలో మనిషి ఎవరికోసమూ ముఖం సర్దుకోడు కదండి. ఫొటో లేకుండా, ఎవరూ చెప్పకుండా, నా కంటితో చూసి చేసిన మొదటి మనిషి వీడేనండి. తీసేస్తే తీసెయ్యండి, నేను మాత్రం చేశాను’ అంది. తల మాత్రం దించలేదు.

పసుపు పెద్దాయన కర్ర ఊతంగా గట్టెక్కి విగ్రహాన్ని దగ్గరగా చూశారు. ‘ఈ కుర్రాడు ఎవరి తాలూకు?’ అని అడిగారు.

‘రేపల్లె బండి తాలూకండి’ అంది పిన్ని.

‘మనవాళ్ళలో కాదుగా? అవతలివాళ్ళలో?’

‘వీడికి మెలకువగా ఉంటే కదండీ, ఎవరిలోనైనా ఉండటానికి.’

పెద్దాయన ఖాళీగా ఉన్న బల్ల మీద మెల్లగా కూర్చున్నారు. మోకాళ్ళు నొక్కుకుంటూ ‘నిద్రపోయేవాడితో తగువేంటి లాయరు గారూ. రండి, మీరూ కూర్చోండి, చోటుంది’ అన్నారు. లాయరు గారు అటూ ఇటూ చూశారు. ఆయనకూ చాలాసేపటి నుంచి కాళ్ళు పీకుతున్నట్టున్నాయి. వెళ్ళి బల్ల రెండో చివర కూర్చున్నారు. ఆ చోటు అవతలివాడికి దక్కకపోతే చాలన్నదే ఇద్దరి బాధ అని, అది ఒక నిద్రమొహం వాడికి దక్కితే ఎవరికీ అసూయ ఉండదని నాకు అప్పుడు అర్థమైంది. పెద్ద సారు కాగితం మడిచి నా చేతికిచ్చి, ‘దీని మీద పేరు మాత్రం ఎక్కడా రాయకండి. పేరు లేకపోతే ఎవరిదీ కానట్టే’ అన్నారు. బాబాయి గారు ఇంకెవరినీ అడగకుండా హార్మోనియం ఎత్తుకుని పద్యం మొదలుపెట్టారు.

నా కాంట్రాక్టు ఏడాదితో అయిపోయింది. ఇప్పుడు బాపట్లలో ఉద్యోగం, సంసారం. అక్క ఇప్పటికీ నాయకులను చేస్తోంది కానీ, ఏడాదికి ఒకటి తనకు నచ్చింది చేస్తోందట. మొన్న రేపల్లెలో అమ్మను చూసి వస్తూ తెనాలిలో బాపట్ల బండికి గంటన్నర సమయం ఉంటే కూడలికి వెళ్ళాను. వాడు అలాగే ఉన్నాడు. నిండైన జుట్టు, ఒడిలో ఎవరో పెట్టి మరిచిపోయిన కూరల సంచి. పక్కన కూర్చున్న ఒకావిడ ‘ఇది ఎవరి విగ్రహం బాబూ?’ అని నన్నే అడిగింది. ‘ఎవరిదీ కాదంటండి’ అన్నాను. ‘పాపం, పిల్లాడు బాగా అలిసిపోయాడు’ అంటూ వాడి నుదుటి మీద దుమ్ము తుడిచి వెళ్ళింది. ఈమధ్య నాకు రాత్రి ఎంత పొర్లినా నిద్ర పట్టడం లేదు. ఆఫీసు, పిల్లల ఫీజులు, బీపీ, ఒకటి కాదు. ఏ చింతా లేకుండా నడివీధిలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న వాణ్ణి చూస్తే నిజంగానే అసూయ కలిగింది. కాసేపు వాడి పక్కనే కూర్చుందామని చెప్పులు విడిచాను.

భుజం తట్టి లేపింది టీ పిన్ని. ఆవిడ చేతిలో గ్లాసు, ముఖంలో అదే నవ్వు.

‘లే అబ్బాయ్, బాపట్ల బండి వెళ్ళిపోయి చాలాసేపైంది. పోనీలే, ఇద్దరూ ఒకే పక్కకి వాలారు, చూడటానికి బాగుందని నేనే లేపలేదు’ అంది.