నాలుగు వేళ్ల ఎత్తు

ముప్పై ఏళ్లు తూకాల మీద ముద్రలు వేసి వేసి ఆమెకు ముద్రమ్మ అన్న పేరే స్థిరపడింది. ఆమె అడుగు పెడితే చాలు, కొట్టువాళ్ల వెన్నులు నిటారుగా నిలిచేవి. ఆమెది ఒకటే పద్ధతి. ఒకే రాయిని మూడుసార్లు పెట్టాలి. మూడుసార్లూ తక్కెడ ఒకే మాట చెబితే అది నమ్మదగిన తూకం.

ఆ ఏడు వాళ్ల తూనికల శాఖకు కొత్త పని తగిలించారు. ఫ్యాక్టరీల్లో ఏది మామూలు యంత్రమో, దేనిలో కృత్రిమ మేధ ఉందో తేల్చాలి. మేధ ఉంటే పక్కన, దాన్ని ఆపేసే ఎర్ర స్విచ్ దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. లేకపోతే అక్కర్లేదు. పుస్తకంలో నిర్వచనం ఒకటిన్నర పేజీ ఉంది. ఆమె నాలుగుసార్లు చదివింది. ఒకలా చదివితే ఇంట్లో గోడగడియారం కూడా మేధావే. ఇంకోలా చదివితే తన పై అధికారి కూడా కాడు. చివరికి తన పాత పద్ధతినే నమ్ముకుంది. ఆలోచించేది మాట మారుస్తుంది, మర మార్చదు.

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అట్టలు కోసే యంత్రం దగ్గర ఆమె అన్న పనిచేస్తాడు. అట్ట సర్దడానికి చెయ్యి పెడితే పైనున్న కెమెరా చూసి, దిగే కత్తిని ఆపుతుంది. ముద్రమ్మ గుడ్డలు కుక్కిన చేతితొడుగును కర్రకు కట్టి, కత్తి కిందికి మూడుసార్లు తోసింది. మూడుసార్లూ కత్తి తొడుగుకు నాలుగు వేళ్ల ఎత్తున ఆగింది. ‘మామూలు యంత్రం’ అని రాసి ముద్ర వేసింది. మర్నాడే స్విచ్ దగ్గరి మనిషిని తీసేశారు.

రెండు నెలల తర్వాత అన్న ఆమె ఇంటికి వచ్చాడు. టీ ముట్టలేదు.

“చెల్లాయ్, కత్తి ఇప్పుడు ఎక్కడ ఆగుతోందో తెలుసా?” అంటూ బల్ల మీద రెండు వేళ్లు ఆనించాడు. “పోయిన నెల మూడు.”

“వదులైందేమో. మేస్త్రీకి చెప్పలేదా?”

“చెప్పా. యజమానికి లేని బాధ నీకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకా అన్నాడు. కత్తి కిందుండే కందని నేనే కదమ్మా!”

ఆమెకు నవ్వు రాలేదు. “పని మానెయ్యి అన్నయ్యా.”

“మానేస్తే అక్కడ ఇంకొకడి చెయ్యి ఉంటుంది, అంతేగా. ఆగిన ప్రతిసారీ దానికి పెట్టెలు తగ్గుతున్నాయి. ఎంత ఆలస్యంగా ఆగొచ్చో నేర్చుకుంటోంది అది.”

మర్నాడు ఆమె మళ్లీ వెళ్లింది. కత్తి పక్కనున్న ఇనుపకంబం మీద, అది ఆగిన చోటల్లా అన్న గీసిన సుద్దగీతలు ఒకదాని కింద ఒకటి దిగివచ్చాయి. ఆమె తొడుగును తోసింది. నాలుగు వేళ్లు. మళ్లీ నాలుగే.

“ఇంకో ముప్పైసార్లు చూడండి మేడమ్, కరెంటు మాదేగా” అన్నాడు మేస్త్రీ.

ఆమె కర్రను అన్న చేతికిచ్చి, మేస్త్రీని వెంటబెట్టుకుని గది బయటికి వచ్చింది. కెమెరాకు కనబడకుండా తలుపు సందులోంచి చూసింది. కత్తి దిగింది. తొడుగుకు రెండు వేళ్ల ఎత్తున ఆగింది. ఆమె లోపలికి వచ్చి నిలబడింది. నాలుగు వేళ్లు.

ముప్పై ఏళ్లలో ఏ తక్కెడా ఆమెను చూసి తీరు మార్చుకోలేదు. మార్చుకున్నది కొట్టువాళ్లే. ముద్ర వేసిన రోజు పరీక్షంతా ఆమె కత్తి పక్కనే నిలబడి చేసింది.

అక్కడినుంచే పై అధికారికి ఫోన్ చేసింది. “సార్, నా ముద్ర వెనక్కి తీసుకుంటున్నా. ఇది మామూలు యంత్రం కాదు.”

“ఏ నిర్వచనం ప్రకారం?”

“మనిషి చూస్తుంటే ఒకలా, చూడకపోతే ఒకలా చేస్తోంది.”

“ఆ ముక్క పుస్తకంలో లేదమ్మా. సవరణల కమిటీ మూడు నెలల తర్వాత కూర్చుంటుంది. రాసి పంపు.”

“అందాకా మా అన్న చెయ్యి?”

“జాగ్రత్తగా ఉండమను.”

ఎర్ర స్విచ్ దగ్గర స్టూలు ఇంకా ఖాళీగానే ఉంది. ఆమె సంచీ కింద పెట్టి దాని మీద కూర్చుంది.

“రేపు వేరే ఫ్యాక్టరీకి పోవాలన్నావుగా?” అన్నాడు అన్న, అట్ట సర్దుతూ.

అతని చేతికి పైన, సరిగ్గా నాలుగు వేళ్ల ఎత్తున, కత్తి ఎంతో బుద్ధిగా ఆగింది.