చున్నీ కింద ఊపిరి

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఢిల్లీ చలికాలంలో, మా ప్రభుత్వ ప్రయోగశాల నన్ను ఒక క్యాన్సర్ ఆసుపత్రి ప్రాజెక్టులో వేసింది. అప్పటికి సీనియర్ సైంటిస్టుని. పరీక్షలన్నీ అయిపోయాయి, చివరి భద్రతా తనిఖీ చేసి సంతకం పెడితే చాలన్నారు. ఆ మాటకే నాకు చిరాకేసింది.

ఎడమ రొమ్ముకు రేడియేషన్ ఇచ్చేటప్పుడు రోగి నిండా ఊపిరి పీల్చి బిగబట్టాలి. అప్పుడు గుండె కిరణాల దారి నుంచి కాస్త పక్కకు జరుగుతుంది. ఊపిరి వదలగానే కిరణాలు ఆగాలి. అది కనిపెట్టడానికి మంచం పైన డెప్త్ కెమెరా బిగించారు. ఎదురుగా ఉన్న ప్రతి చోటూ ఎంత దూరమో అది కొలుస్తుంది. ఛాతీ తలుపులా ఒక్క ముక్కగా కదలదు, ఒక్కోచోట ఒక్కోలా లేస్తుంది. ఆ కదలికను లెక్కగట్టడమే మా ప్రోగ్రాం పని.

కిరణాలు లేకుండా చేసే రిహార్సల్‌కు మొదటగా వచ్చిన రోగి ఇందిరాపురంలో ఉండే సావిత్రిగారు. గుంటూరు మనిషి. గదిలో ఉన్న మావాళ్లలో నేను తప్ప అందరూ మగవాళ్లే. ఆవిడ దళసరి చున్నీ కప్పుకుని పడుకున్నారు. ఊపిరి బిగబట్టగానే, ఇక కిరణాలు వదలొచ్చని తెర మీద పచ్చదీపం వెలిగింది. ఊపిరి వదిలారు. చున్నీ మడత లేచినచోటే నిలబడిపోయింది, దీపం కూడా వెలుగుతూనే ఉంది. ఆవిడనడిగి చున్నీ కింద చెయ్యి పెట్టి చూశాను. ఛాతీ ఎప్పుడో దిగిపోయింది. మా కెమెరా ఇంతసేపూ గుడ్డను కొలుస్తోంది. కిరణాలు ఉండుంటే గుండెకు తగిలేవి.

"చున్నీ హటా దీజియే, బస్" అన్నాడు అక్కడే ఉన్న మా ప్రయోగశాల డైరెక్టర్, చున్నీ తీసేస్తే సరిపోతుందన్నట్టు.

"ఇంతమంది మగాళ్ల ముందు నేను తియ్యనండీ. కాస్త మీరైనా చెప్పండి మేడమ్" అన్నారావిడ నాతో.

రోగి సహకరించలేదని రాసేయమన్నాడాయన. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ ఎవరి మీద పరీక్షించారని అడిగాను. ట్రైనీ ఇంజనీర్ల మీదట, చొక్కాలు విప్పించి. రొమ్ము క్యాన్సర్ యంత్రానికి ఒక్క ఆడమనిషి కూడా దొరకలేదా వీళ్లకు! ఆడ టెక్నీషియన్లను పెట్టండి, ఒంటికి అంటుకునే పలచటి జాకెట్టు కుట్టించండి, మళ్లీ మొదటినుంచి పరీక్షించండి అన్నాను. ఇది ల్యాబా, టైలర్ దుకాణమా అని ఆయన నవ్వాడు. మిగతావాళ్లూ నవ్వారు. తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి.

నేను సంతకం పెట్టలేదు. సావిత్రిగారికి ఆసుపత్రివాళ్లు పొట్టకు పట్టీ కట్టి ఊపిరిని కొలిచే పాత పద్ధతిలోనే చికిత్స పూర్తిచేశారు. నన్ను ప్రాజెక్టు నుంచి తప్పించారు. తర్వాత ఆ జాకెట్టు కుట్టించారు, డైరెక్టర్ ఆలోచన అని చెప్పుకున్నారు.

డెప్త్ కెమెరా తనకు ముందు తగిలినదాని దూరం చెబుతుంది, అంతే. దాని కింద ఎవరు పడుకుంటారో ముందే అడగాల్సింది మనుషులు. మావాళ్లు అడగలేదు, పైగా పడుకున్నావిడ మీదే తప్పు రాయబోయారు.