పాలు ఎవరి ఎముకలకు?

ఈ రోజు వనపర్తిలో ఎముకల డాక్టరు దగ్గర నాకు ఒళ్లు మండిపోయింది. గోపాల్‌పేటలో మా పక్కింటి పెద్దమ్మ మనుమరాలు అరుగు మీది నుంచి పడి చేయి విరగ్గొట్టుకుంటే తోడు వెళ్లాను. ఆరు నెలల కడుపుతో ఉన్న కోడలు ఆ పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, పెద్దమ్మ అందరికీ వినబడేలా కోడల్ని తిడుతోంది.

"దీని తల్లిగారింటోళ్ల బొక్కలే గట్ల. ఉత్త పుల్లలు!"

బళ్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని, ఊరుకోలేకపోయాను. ఎముకలు కట్టే జీన్లు వంశం నుంచి వచ్చినా, వాటిలో ఏది ఎంత పనిచేయాలనేది కడుపులో ఉన్నప్పటి తిండిని బట్టి కూడా మారుతుందని, దాన్నే ఎపిజెనెటిక్స్ అంటారని చెప్పాను.

"ఈ పిల్ల కడుపుల ఉన్నప్పుడు కోడలికి ఏం పెట్టినవ్ పెద్దమ్మా?"

"ఒక్క పూట కారంబువ్వ. పిండం పెద్దగైతే కాన్పు కష్టమైతది. ఎంత సులువుగ కన్నదో తెల్సా!" అంది గర్వంగా.

పిల్ల చేయి అందుకే విరిగిందని నేను రాసివ్వలేను. కానీ కళ్లెదుట ఇంకో బిడ్డ కడుపులో ఉంది. ఎదురు హోటల్ నుంచి వేడి పాలు తెచ్చి కోడలి చేతికిచ్చాను. పెద్దమ్మ ఆ గ్లాసు లాక్కుని గటగటా తాగేసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"నాకు మోకాళ్లు నొస్తున్నయ్ బిడ్డా. బొక్కలకు పాలు మంచివి గద."

తెలుసన్నమాట! నేనేమో తెలియదనుకుని పాఠం చెప్పాను. రేపటి నుంచి ఈమెను ఏమని పిలవాలో మీరే చెప్పండి. అమ్మ అనే మాట ఉన్న పిలుపు మాత్రం నా నోట రాదు.