పురికొస కొలత

యాభైల నాటి మాట. మద్రాసులో కాలేజీల ఫుట్‌బాల్ సీజను ఇంకో వారంలో మొదలవుతుంది. ఈ ఏడు కప్పు మా కాలేజీదేనని మాకెవరికీ కాలు నేలమీద నిలవడం లేదు. ఉత్తకాళ్లతో ఆడేవాళ్లు జట్టులో వద్దని, అందరికీ బూట్లుండాలని కోచ్ చెవిలో జోరీగల్లా పోరినవాళ్లలో, ఆటగాణ్ణి కాకపోయినా, నేనూ ఉన్నాను. ఆ ఉదయమే బోర్డు మీద జట్టు పేర్లు పెట్టారు. ఎడమ అంచున ఉత్తకాళ్లతో ఆడే లెఫ్ట్ అవుట్ కుర్రాడి పేరు అందులో లేదు.

సాయంత్రం రాయపురంలో బస్సెక్కిన ఒకాయన నా పక్కన కూర్చుని, నా పుస్తకాల మీద కాలేజీ పేరు చూసి పలకరించాడు. హార్బరులో మూటలు మోస్తాడట.

"మా పిల్లోడు మీ కాలేజీలోనే బంతాడతాడు నాయనా, ఎడమ పక్క. బూట్లు లేవని ఆడ అందరూ అంటా ఉండారంట. మూర్ మార్కెట్లో కొందామని పోతా ఉండా."

జేబులోంచి పురికొస ముక్క తీశాడు. కొడుకు నిద్రపోతుంటే పాదం కొలిచి తెంపుకొచ్చాడట. వంగి దాన్ని నా బూటు పక్కన పెట్టి చూశాడు. అంగుళం ఎక్కువొచ్చింది.

"నీకంటే పెద్ద కాలు!" అని మురిసిపోయాడు. "ఈ ఏడు కప్పు మనదే కదా నాయనా?"

ఆ పిల్లవాడి పేరు తీయించిన నోటితోనే "మనదే" అన్నాను. బోర్డు సంగతి చెప్పలేకపోయాను. ఆయన మార్కెట్టు దగ్గర దిగిపోయాడు.

మొదటి ఆటలోనే ఓడిపోయాం. ఆ బూట్లు ఎక్కడ కనబడతాయోనని, జనంతో కలిసి మైదానం దాటేదాకా నేను ఎవరి కాళ్లవైపూ చూడలేదు.