నీళ్లు పోసే హసన్ బీ

“అవ్వా, పాప కండ్లు గూడ పచ్చగైనయ్. ఏమన్న అయితదా?” తలుపు తీస్తూనే మేఘన అడిగింది. సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయి, గనిలో పనిచేసే భర్త భూపాలపల్లిలో, తల్లి మహబూబాబాద్‌లో చిక్కుకుపోయారు. కెమిస్ట్రీ చదివిన మేఘన, నాలుగు రోజుల పాపతో జనగామ అద్దె ఇంట్లో ఒక్కతే ఉంది. వచ్చింది హసన్ బీ. ఇంటింటికీ తిరిగి పసిపిల్లలకు నీళ్లు పోయడం ఆమె పని. ఎవరెంత దెప్పినా పసుపు మాత్రం రాయదు. “పసుపు పూస్తె బిడ్డ రంగెట్ల కనవడ్తది? కూర వండుతున్ననా?” అంటుంది. నీళ్లు పోశాక వాకిట్లో వెలుతురుకు తెచ్చి, నుదురు, ఛాతీ, పొట్ట వేలితో నొక్కి, పచ్చదనం ఎందాకా ఉందో చూస్తుంది. ఆ రోజు ఆ వేలు అరికాళ్ల దాకా వెళ్లింది. “కామెర్లు కాళ్లకు దిగినయ్ బిడ్డా. నడువు, దవాఖానకు పోదాం.” ఆటోలు లేక నడిచే వెళ్లారు.

దవాఖానలో కామెర్లు తగ్గించే నీలి దీపం కింద పాప నిద్రపోయింది. మేఘన అప్పుడే కాస్త గోడకు ఆనుకుంది. హసన్ బీ పాప అరికాలిని వేలితో మీటి ఏడిపించింది.

“పండుకోనియ్ అవ్వా!”

“నా కొడుకు గూడ గిట్లనే పచ్చగై, సప్పుడు లేకుండ పండుకున్నడు. ఎంత బుద్ధిమంతుడని మురిసిన, లేపలే.” ముప్పై ఏళ్లుగా ఆమె ఇంట్లో ఆమె ఒక్కతే. “రెండు గంటలకోపారి లేపి పాలు తాపు. ఏడిస్తె ఏడ్వనియ్.”

పాప ఇంటికొచ్చి వారమైంది. ఎంత గాఢంగా నిద్రపోతున్నా, గడియారం చూసి మేఘన లేపుతుంది. ఏడిస్తే ఏడవనిస్తుంది.