నీటి స్కూటర్ మాస్టారు

"సేతులు సాపు, అదే లాగుద్ది." మాస్టారు గుర్తొస్తే ముందు ఈ మాటే వినిపిస్తుంది. ఆయన విశాఖ నుంచి వచ్చిన డైవర్. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, అరకు కొండల్లో మా రిజర్వాయరు గోడని నీళ్లలోంచి చూడ్డానికి వచ్చారు. ఈత బాగా వచ్చని నన్ను తోడు తీసుకున్నారు.

ఇద్దరికీ వీపున గాలి సిలిండరు, చేతుల్లో నీటి అడుగున నడిచే స్కూటరు. దానికి చక్రాలుండవు, స్విచ్ నొక్కితే మోటారు మనిషిని లాక్కుపోతుంది. నేను దాన్ని మేకపిల్లలా గుండెకి హత్తుకునేదాన్ని. అది నన్ను గిరగిరా తిప్పేసేది. ఆయన విసుక్కోకుండా నా మోచేతులు పట్టి చాపేవారు.

అది నాకు లొంగిన రోజున, రిజర్వాయరు కట్టినప్పుడు మునిగిపోయిన మా పాత ఊరి మీదుగా వెళ్తున్నాం. అడుగున మా ఊరు మొక్కే దేవత రాయి కనబడగానే స్విచ్ వదిలేసి, కాళ్లాడించుకుంటూ దాటాను.

పైకి తేలాక, "ఏటి గుంటా, బండి పాడైందా?" అన్నారు కంగారుగా.

"లేదు మాస్టారూ. దేవత ముందు మేం సైకిలైనా దిగే నడుస్తాం."

నవ్వుతారనుకున్నాను. ఆదివారం చర్చి మానని మనిషి ఆయన. నీళ్లలోకి ఓసారి తొంగి చూసి, ఒడ్డుకి మళ్లారు.

మర్నాడు ఆయన ముందు, నేను వెనక. రాయి దగ్గరికి రాగానే ఆయన మోటారు చప్పుడు ఆగిపోయింది. స్కూటరుని చంకన పెట్టుకుని, తల కాస్త వంచి, మెల్లగా కాళ్లాడిస్తూ దాటారు.

నీళ్ల కింద ఉన్నది ఇంకా ఊరేనని ఒప్పుకున్న బయటి మనిషి, నేను చూసినంతలో ఆయనొక్కరే.